మొదటి డబుల్ బేస్ కొనే ముందు: షాంటిలీ నుంచి ఓ నాన్న అనుభవం

మన తెలుగు ఇళ్లలో పిల్లలు వయొలిన్ నేర్చుకుంటున్నారంటే ఎవరూ ఆశ్చర్యపోరు. పియానో అన్నా అంతే. కానీ ఐదో తరగతిలో మా పెద్దమ్మాయి స్కూల్ నుంచి వచ్చి, "నాన్నా, నేను బేస్ తీసుకున్నా" అన్నప్పుడు నేను బేస్‌బాల్ అనుకున్నాను. వేసవిలో ఆడే ఆటేగా, సరేలే అన్నాను. వారం తర్వాత స్కూల్ ఫొటోలో తనకంటే ఎత్తున్న చెక్క వాయిద్యాన్ని కౌగిలించుకుని నిలబడ్డ పిల్లని చూసి కంగారు పడ్డాను.

తెనాలిలో ఉన్న మా అత్తగారైతే ఆ ఫొటో చూసి, "ఇదేంటి అల్లుడుగారూ, వీణని నిలబెట్టారా?" అన్నారు.

ఇప్పుడు మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఈ మధ్యలో నేను ఒక బేస్ తప్పుగా కొన్నాను, ఒకటి అద్దెకి తెచ్చాను, ఒకటి సరిగ్గా కొన్నాను. ఆ తప్పు వల్ల మా అమ్మాయి సంగీతమే మానేయబోయింది. షాంటిలీ, సౌత్ రైడింగ్, సెంటర్‌విల్ వైపు ఈ మధ్య ఇద్దరు ముగ్గురు మనవాళ్లు "మా వాడు కూడా బేస్ అంటున్నాడు, ఏం కొనాలి?" అని అడిగారు. అందరికీ ఒకేసారి ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను. దుకాణాల పేర్లు మాత్రం రాయడం లేదు. అది ప్రచారంలా ఉంటుంది, పైగా మీ పిల్లల టీచర్ చెప్పే దుకాణమే మీకు సరైనది.

అసలు డబుల్ బేస్ అంటే

వయొలిన్, వయోలా, చెల్లో, బేస్. ఆర్కెస్ట్రాలో కమానుతో వాయించే నాలుగు తీగ వాయిద్యాల్లో ఇదే పెద్దది, దీని స్వరమే అన్నిటికన్నా కింద. నాలుగు తీగలు ఉంటాయి: ఈ, ఏ, డి, జి. బేస్ గిటార్ తీగలు కూడా ఇవే. మన వయొలిన్ శ్రుతి స-ప, స-ప పద్ధతిలో ఉంటుంది. బేస్‌లో ఒక తీగకీ పక్క తీగకీ మధ్య దూరం స నుంచి మ వరకు.

అన్నిటికన్నా కింది తీగ సెకనుకి సుమారు 41 సార్లు కంపిస్తుంది. వయొలిన్‌లో కింది తీగకే అది 196. ఫోన్లలో ఉండే బుల్లి స్పీకర్లు అంత కింది స్వరాన్ని సరిగ్గా పలకలేవు. మా అమ్మాయి వీడియో కాల్‌లో వాయిస్తే అమ్మమ్మకి కమాను కదలడం కనిపించేది కానీ పెద్దగా ఏమీ వినిపించేది కాదు. "బాగా వాయించావు బంగారం" అని మాత్రం అనేవారు. ఆన్‌లైన్ పాఠాలు పెట్టించాలనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోండి. రెండు వైపులా మంచి హెడ్‌ఫోన్లు లేకపోతే టీచర్‌కి కూడా సగమే వినపడుతుంది.

నేను చేసిన తప్పు

ఎలిమెంటరీలో ఉన్నంతకాలం స్కూల్లో ఉన్న బేస్‌తోనే సరిపోయింది. స్కూల్ బస్సులో ఇంత పెద్దది ఎక్కించనివ్వరు. అందుకే బేస్ నేర్చుకునే పిల్లలకి స్కూల్లో ఒకటి, ఇంట్లో ఒకటి కావాలి. ఏడో తరగతికి మిడిల్ స్కూల్‌కి వెళ్లే ముందు వేసవిలో "ఇంట్లో ప్రాక్టీస్‌కి బేస్ కావాలి" అని అడిగింది. నేను లెక్కలు వేశాను. అద్దె నెలకి 60 డాలర్ల దాకా చెబుతున్నారు. ఆన్‌లైన్‌లో కొత్తదే 900కి దొరుకుతోంది. ఏడాదిన్నర అద్దెతో సొంతమే వచ్చేస్తుంది కదా అనుకున్నాను. మా ఆవిడ "ముందు టీచర్ని ఒక మాట అడగండి" అంది. వేసవి సెలవుల్లో టీచర్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని అడగలేదు. ఎలాగూ పెరిగే పిల్లే కదా అని పెద్దవాళ్లు వాయించే సైజు ఆర్డర్ చేశాను. మన ఇళ్లలో పండక్కి బట్టలు ఒక సైజు పెద్దవి కొన్నట్టే.

పెద్ద అట్టపెట్టెలో వచ్చింది. తీగల్ని ఎత్తి పట్టుకునే బ్రిడ్జి విడిగా సంచిలో ఉంది. వీడియోలు చూసి నేనే నిలబెట్టి, తీగలు బిగించాను. శబ్దం వచ్చింది. చూడ్డానికి మెరిసిపోతూ బాగానే ఉంది.

సెప్టెంబర్‌లో రోజూ అరగంట వాయించేది. అక్టోబర్‌కి అది పది నిమిషాలైంది. ఎడమ మణికట్టు నొప్పి అంది. వేళ్ల చివర బొబ్బలు వచ్చాయి. కొత్తలో అంతేలే అన్నాను. స్కూల్లో బాగానే వాయిస్తోందని టీచర్ రాశారు, ఇంట్లో మాత్రం ముట్టుకోవడం లేదు. దాంతో అది బద్ధకమని నేను తేల్చేశాను. "తొమ్మిది వందలు పోసి కొన్నాం" అని ఒకటి రెండుసార్లు గట్టిగానే అన్నాను. శీతాకాలంలో, తర్వాతి ఏడాది క్లాసులు ఎంచుకునే సమయం వచ్చినప్పుడు, ఆర్కెస్ట్రా వద్దంది. ఎందుకని అడిగితే ఏడుపు ఆపుకుంటూ, "నాకు బేస్ రాదు నాన్నా. చెయ్యి సరిపోదు" అంది.

అప్పుడు టీచర్‌కి రాశాను. "ఒకసారి ఆ బేస్ తీసుకురండి" అన్నారు. చూసిన రెండు నిమిషాల్లో ఆయనకి విషయం అర్థమైంది. ఆ సైజు పిల్లకి పెద్దది. తీగలు వేలి పలక మీద నుంచి ఎంత ఎత్తున ఉన్నాయంటే, నొక్కడానికి నాకే బలం చాలలేదు. ఆయన మా అమ్మాయితో, "నీ చేతిలో ఏ లోపమూ లేదు. దీన్ని నేను కూడా గంట సేపు వాయించలేను" అన్నారు. పిల్ల నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

వాయిద్యాలు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్తే, సరిచేయడానికి అయ్యే ఖర్చు దాని విలువని మించుతుందన్నారు. వెనక్కి ఇచ్చే గడువు అప్పటికే దాటిపోయింది. 900 డాలర్లు పోయాయి. ఆరు నెలల పాటు, తప్పంతా తనదేనని పిల్ల అనుకుంది. ఆ ఆరు నెలలే నన్ను ఎక్కువ బాధపెట్టాయి.

సైజు: అన్నిటికన్నా ముందు చూడాల్సింది

బేస్ సైజుల్ని భిన్నాల్లో చెబుతారు: 1/8, 1/4, 1/2, 3/4, 4/4. పేరు చూసి 4/4 పెద్దవాళ్లదనీ, 3/4 పిల్లలదనీ అనుకోకండి. పెద్దవాళ్లలో, ఆర్కెస్ట్రా కళాకారుల్లో కూడా ఎక్కువమంది వాయించేది 3/4నే. 4/4 అరుదు. ఈ భిన్నాలు కచ్చితమైన కొలతలు కూడా కావు. ఒక కంపెనీ 1/2, ఇంకో కంపెనీ 1/2 ఒకేలా ఉండకపోవచ్చు. అందుకే తీగ పొడవు, అంటే పైన తీగ మొదలయ్యే చోటు నుంచి బ్రిడ్జి వరకు ఉన్న దూరం, అడిగి తెలుసుకోండి. 3/4లో అది సుమారు 105 సెంటీమీటర్లు, 1/2లో 97, 1/4లో 90 దగ్గర ఉంటుంది.

ఈ కొన్ని సెంటీమీటర్లకే అంత తేడానా అని నేనూ అనుకున్నాను. బేస్ మీద కింది స్థానాల్లో చూపుడు వేలికీ చిటికెన వేలికీ మధ్య ఒక పూర్తి స్వరం దూరం రావాలి, అంటే మన లెక్కలో స నుంచి చతుశ్రుతి రి వరకు. తీగ మొదట్లో ఆ దూరం 3/4 బేస్ మీద దాదాపు 11 సెంటీమీటర్లు, 1/2 మీద 10, 1/4 మీద 9కి కాస్త ఎక్కువ. అదే వయొలిన్ మీద మూడున్నర కూడా ఉండదు. పన్నెండేళ్ల పిల్ల అరచేతిని బల్ల మీద పరిచి స్కేలుతో కొలిచి చూడండి, ఒక్క సెంటీమీటర్ ఎంత పెద్దదో తెలుస్తుంది.

నాలుగున్నర అడుగుల పిల్లలకి 1/4, ఐదు అడుగుల లోపు వాళ్లకి 1/2, ఆపైన 3/4 అని స్థూలంగా చెబుతారు. ఇవి అంచనాలే. అదే ఎత్తున్న ఇద్దరు పిల్లల చేతులు వేరుగా ఉంటాయి. దుకాణంలో పిల్లని నిలబెట్టి చూడాలి. కింద ఉండే ఇనుప కడ్డీని పైకీ కిందకీ జరిపాక, మెడ పైన తీగలు మొదలయ్యే చోటు పిల్ల కనుబొమల ఎత్తుకి రావాలి. కుడి చెయ్యి వంగకుండా, భుజం కిందికి జారకుండా కమాను తీగల మీదకి చేరాలి. మోచెయ్యి ఎత్తి ఎడమ చేత్తో తీగ నొక్కమనండి. పిల్ల ముఖం చిట్లిస్తే ఆ బేస్ పక్కన పెట్టండి.

చిన్న పిల్లలకి చిన్న బేస్ అనే ఆలోచన విషయంలో మన వాషింగ్టన్ ప్రాంతానికి కొంచెం గొప్ప కూడా ఉంది. ఇక్కడే పాఠాలు చెప్పిన జార్జ్ వాన్స్ అనే టీచర్, బేస్ నేర్చుకోవాలంటే ఎత్తు పెరిగేదాకా ఆగక్కర్లేదని, చిన్న సైజులతో చాలా చిన్న వయసు నుంచే నేర్పించారు. ఆయన తయారుచేసిన 'ప్రోగ్రెసివ్ రెపర్ట్వార్' పుస్తకాలు ఇప్పటికీ చాలామంది టీచర్లు వాడుతున్నారు.

మొదట అద్దె, తర్వాతే కొనుగోలు

టీచర్ సలహాతో మేము 1/2 సైజు అద్దెకి తెచ్చాం. ఇంటికి తెచ్చిన మొదటి రోజు మా అమ్మాయి భోజనానికి పిలిచినా రాలేదు. ఆర్కెస్ట్రా మానేసే మాట మళ్లీ ఎత్తలేదు. ఒక ఏడాదిన్నర అదే వాయించింది.

పిల్లలు ఎదుగుతున్నంతకాలం అద్దే మంచిది. సైజు మారినప్పుడు మార్చి ఇస్తారు. కానీ కాగితం మీద సంతకం పెట్టే ముందు ఈ నాలుగూ అడగండి. కట్టిన అద్దెలో ఎంత భాగం తర్వాత కొనుగోలు ధరలో తగ్గిస్తారు? ఆ తగ్గింపు ఏ బేస్ కొన్నా వర్తిస్తుందా, ఈ అద్దె బేస్‌కేనా? పడి పగిలితే బీమా ఉందా? తీగ తెగితే, బ్రిడ్జి పడితే ఎవరు చూస్తారు? మా దుకాణంలో అద్దెలో కొంత జమ అయ్యింది, తర్వాత కొన్నప్పుడు అది బాగానే పనికొచ్చింది.

చెక్క: ప్లైవుడ్ అంటే చిన్నచూపు వద్దు

బేస్‌లు మూడు రకాలు. పొరలు అతికించి చేసే లామినేటెడ్, అంటే ప్లైవుడ్‌వి. ముందు పలక మాత్రం గట్టి చెక్కతో చెక్కి, వెనకా పక్కలూ ప్లైవుడ్‌తో చేసే హైబ్రిడ్. మొత్తం గట్టి చెక్కతో చెక్కేవి. నేను తిరిగిన దుకాణాల్లో సరిగ్గా అమర్చిన కొత్త లామినేటెడ్ రెండు వేల డాలర్ల దగ్గర మొదలైంది. హైబ్రిడ్ మూడు నుంచి ఐదు వేలు. పూర్తి చెక్కవి అక్కడి నుంచి పైకి, చాలా పైకి.

"ప్లైవుడ్ ఎందుకండీ, కొనేదేదో మంచిదే కొనండి" అని మన స్నేహితులే అంటారు. షికాగోలోని కే కంపెనీ 1937 నుంచి ప్లైవుడ్ బేస్‌లు చేసింది. అమెరికా స్కూళ్లలో, బ్లూగ్రాస్ బృందాల్లో దశాబ్దాలుగా అవి మోగాయి, పాత కే బేస్‌లని ఇప్పటికీ వెతికి కొంటారు. వర్జీనియా వాతావరణం సంగతి మీకు తెలుసు. వేసవిలో ఉక్క, చలికాలంలో హీటర్ వేస్తే ఇంట్లో గాలి పొడిబారిపోతుంది. గట్టి చెక్క ఆ మార్పులకి పగుళ్లివ్వచ్చు. ప్లైవుడ్ తట్టుకుంటుంది. తలుపుకి తగిలినా, తమ్ముడి సాకర్ బంతి తగిలినా తట్టుకుంటుంది. హైబ్రిడ్ గానీ పూర్తి చెక్కది గానీ కొంటే చలికాలంలో గదిలో తేమ 40 శాతం కంటే తగ్గకుండా చూసుకోవాలి. చిన్న హ్యుమిడిఫైయర్ చాలు.

అమరిక: ధర కంటే ఇదే ముఖ్యం

నా 900 డాలర్ల బేస్‌లో లోపించింది ఇదే. బేస్ తయారవడం ఒక ఎత్తు, వాయించడానికి వీలుగా దాన్ని సరిచేయడం ఇంకో ఎత్తు. బ్రిడ్జి కాళ్లు పలకకి సరిగ్గా ఆనేలా చెక్కాలి. తీగల ఎత్తు దించాలి. లోపల నిలబడే సౌండ్‌పోస్టు అనే చిన్న కర్రని సరైన చోట పెట్టాలి. ఆ కర్రకి జిగురు ఉండదు, ఒత్తిడి మీదే నిలుస్తుంది. అందుకే ఇంట్లో అన్ని తీగలూ ఒకేసారి వదులు చేయకండి, అది పడిపోతుంది. మార్చాల్సి వస్తే ఒక్కో తీగే మార్చండి.

దుకాణానికి ఒక చిన్న స్కేలు పట్టుకెళ్లండి. వేలి పలక కింది చివర, పలకకీ తీగకీ మధ్య దూరం కొలవండి. సన్న జి తీగ దగ్గర 6 మిల్లీమీటర్లు, లావు ఈ తీగ దగ్గర 9, 10 ఉంటే పిల్లలకి వీలుగా ఉంటుంది. నా బేస్‌లో ఈ తీగ దగ్గర 15 ఉంది. పై చివర తీగలు పలక మీద నుంచి విజిటింగ్ కార్డు దూరేంత ఎత్తులోనే ఉండాలి. అక్కడ ఎక్కువ ఎత్తు ఉంటే మొదటి స్థానంలోనే చెయ్యి అలిసిపోతుంది.

పాతది కొంటున్నట్టయితే ఇంకొన్ని చూడాలి. మెడ పెట్టెతో కలిసే చోట పగులు ఉందా? అంచుల చుట్టూ వేళ్లతో మెల్లగా తట్టండి, జిగురు ఊడిన చోట శబ్దం వేరుగా వస్తుంది. జిగురు ఊడటం చిన్న మరమ్మతే. ముందు పలకలో సౌండ్‌పోస్టు ఉన్న వైపు పగులు మాత్రం పెద్ద ఖర్చు. పాత తీగలు మార్చాల్సొస్తే మంచి సెట్‌కి రెండు వందల డాలర్లు అటూ ఇటూ అవుతుంది, బేరంలో అది లెక్కలోకి తీసుకోండి.

కమాను, రోజిన్, కారు

బేస్ కమానుల్లో రెండు రకాలున్నాయి. ఫ్రెంచ్ కమానుని చెల్లో కమానులా పై నుంచి పట్టుకుంటారు, జర్మన్ కమానుని కింద నుంచి. రెండూ మంచివే, కానీ టీచర్ ఏది నేర్పితే అదే కొనాలి. బేస్ రోజిన్ కూడా వేరు, బంకగా ఉంటుంది. వయొలిన్ రోజిన్ పనికిరాదు. వేసవిలో కారులో వదిలేస్తే రోజిన్ కరిగి సంచికి అంటుకుంటుంది. అసలు బేస్‌నే వేసవిలో కారులో వదలకూడదు, జిగురు వదిలేస్తుంది.

3/4 బేస్ నిలువునా ఆరడుగుల దగ్గర ఉంటుంది. మా మినీవ్యాన్‌లో వెనక సీట్లు మడిచి, ముందు సీటు వెనక్కి వాల్చి, తల ముందుకి వచ్చేలా పడుకోబెడతాం. కొనే ముందే మీ కారులో పెట్టి చూడండి. మందపాటి సంచి, నేల జారకుండా కడ్డీ కింద రబ్బరు, కూర్చుని వాయించాలంటే ఎత్తు స్టూలు. వీటికి ఇంకో మూడు నాలుగు వందలు పక్కన పెట్టుకోండి.

మన ఇంట్లో బేస్

ఇంతకీ దీంతో ఏం వాయిస్తారని అడిగే పెద్దవాళ్లు ఉంటారు. బోస్టన్ సింఫనీని 1924 నుంచి 1949 వరకు నడిపించిన కూసెవిట్‌స్కీ మొదట బేస్ కళాకారుడే. మన వాళ్లకి ఇంకా దగ్గరగా చెప్పాలంటే, జాకీర్ హుస్సేన్ తబలా, రాకేశ్ చౌరాసియా వేణువు, బేలా ఫ్లెక్ బాంజోతో కలిసి ఎడ్గర్ మేయర్ బేస్ వాయించిన 'యాజ్ వి స్పీక్' 2023లో వచ్చింది. ఆ నలుగురికీ 2024 ఫిబ్రవరిలో రెండు గ్రామీలు వచ్చాయి. మా ఇంట్లో ఆ ఆల్బమ్ విన్నాకే నాకు బేస్ మీద గౌరవం కలిగిందని ఒప్పుకోవాలి.

మా అమ్మాయి ప్రాక్టీస్‌కి మా ఆవిడ ఒక ఉపాయం చెప్పింది. ఫోన్‌లో తంబురా పెట్టి, షడ్జం డికి సరిచేసి, దాని మీద డి మేజర్ స్కేల్ వాయించమంది. అది మన శంకరాభరణం స్వరాలే. డి తీగ స, ఏ తీగ కింది ప, జి తీగ మ. బేస్ మీద గిటార్‌లా మెట్లు ఉండవు, స్వరం ఎక్కడుందో చెవే చెప్పాలి. తంబురా ఉంటే తప్పు పడగానే పిల్లకే తెలిసిపోతోంది. మీకు కర్ణాటక సంగీతం వస్తే ఇది తప్పకుండా చేసి చూడండి.

కాలేజీ అప్లికేషన్‌లో బేస్ బాగుంటుందట కదా అని కూడా అడుగుతున్నారు. ఆర్కెస్ట్రాల్లో వయొలిన్ వాళ్లు ఎక్కువ, బేస్ వాళ్లు తక్కువ అన్నది నిజమే. కానీ ఇష్టం లేని పిల్ల ఆరడుగుల బరువుని వారానికి మూడుసార్లు కారెక్కించదు.

కిందటేడు మా అమ్మాయి ఐదడుగుల మూడంగుళాలు దాటింది. టీచర్ ఇక 3/4కి వెళ్లొచ్చన్నారు. మూడు దుకాణాలు తిరిగాం. ఈసారి నేను ధరల కాగితం చూడలేదు. తను ఒక్కో బేస్ మీద అదే పాట వాయిస్తుంటే నేనూ మా ఆవిడా వెనక్కి తిరిగి కూర్చుని విన్నాం. చివరికి 2,800 డాలర్లకి పాత హైబ్రిడ్ ఒకటి తీసుకున్నాం, అద్దె జమ పోను. వారం రోజులు ఇంట్లో వాయించి చూసుకోవడానికి ఇచ్చారు. టీచర్ చూసి సరే అన్నాకే డబ్బు కట్టాం.

ఈ వేసవిలో అత్తగారు వచ్చారు. ఫోన్‌లో నాలుగేళ్లు వినపడనిది ఆవిడ సోఫాలో కూర్చుని విన్నారు. కింది తీగ మోగగానే కాళ్లు పైకి తీసుకుని, "నేల మోగుతోందే బంగారం!" అన్నారు. తర్వాత రోజూ సాయంత్రం కాఫీ గ్లాసుతో అక్కడే కూర్చున్నారు.

షాపుకి వెళ్లే ముందు ఇవి గుర్తుంచుకోండి. ముందు టీచర్‌ని అడగండి, సెలవులైనా సరే. పిల్ల లేకుండా బేస్ కొనకండి. ఎదుగుతారని పెద్ద సైజు తీసుకోకండి. సరిగ్గా అమర్చి ఇవ్వని బేస్ ఎంత చవకైనా వద్దు. చివరిగా, పిల్ల నొప్పి అంటే, బద్ధకం అనే ముందు వాయిద్యాన్ని చూడండి. మీ ఇంట్లోనూ బేస్ ఉంటే మీ అనుభవం రాసి పంపండి, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి పనికొస్తుంది.